రెండు ఆదివారాల్లో తీసిన ఒకే సీన్, ఏ రెండు షాట్లూ కలవడం లేదు. ఎడిట్‌లో ఎంతవరకు కాపాడొచ్చు?

విరిగిన_క్లాప్
డిప్లొమా ఫిల్మ్, 12 నిమిషాలది. ప్రాణం లాంటి సీన్ వంటింట్లో ఉంది. అమ్మ నేల మీద కూర్చుని గోరుచిక్కుడుకాయలు తుంచుతుంటుంది. కూతురు గుమ్మం దగ్గర నిలబడి, బెంగళూరులో ఉద్యోగం వచ్చింది వెళ్తాను అంటుంది. మూడున్నర నిమిషాల సీన్. విజయవాడలో ఫ్రెండ్ వాళ్ళింట్లో రెండు ఆదివారాలు తీశాం.

మొదటి ఆదివారం మబ్బు. రెండో ఆదివారం కిటికీలోంచి ఎండ నేరుగా గోడ మీద పడింది. మొదటిసారి ఫ్యాన్ తిరుగుతోంది, రెండోసారి సౌండ్ కోసం ఆపేశారు. తుంచిన ముక్కల పళ్ళెం ఒక షాట్‌లో నిండుగా, తర్వాతి షాట్‌లో అడుగున నాలుగు ముక్కలు, మళ్ళీ నిండుగా. కూతురి జడ ఒకసారి భుజం ముందు, ఒకసారి వీపు మీద. గోడ గడియారం ఒకచోట పదీ ఇరవై, ఒకచోట పన్నెండుంపావు.

అన్నిటికంటే ఘోరం అమ్మ క్లోజ్‌లు, అంటే ముఖం దగ్గరగా తీసిన షాట్లు. అవి రెండో ఆదివారం తీశారు. కెమెరా లైన్‌కి (ఇద్దరి మధ్య గీసుకునే ఊహా రేఖకి) అటువైపు పెట్టేశారు. మాస్టర్‌లో, అంటే సీన్ అంతా కనిపించే షాట్‌లో, అమ్మ ఎడమ పక్క కూర్చుని కుడివైపు చూస్తుంది. క్లోజ్‌లో ఎడమవైపు చూస్తోంది. కూతురి క్లోజ్ కూడా ఎడమవైపే. ఇద్దరూ కలిసి పక్కనున్న మూడో మనిషితో మాట్లాడుతున్నట్టుంది.

రీషూట్ కుదరదు. ఇంట్లో పెళ్ళని ఇల్లంతా రంగులు వేసేశారు. వంటిల్లు ఇప్పుడు పిస్తా గ్రీన్. అమ్మగా చేసిన ఆవిడ నాటకాల బృందంతో ఊళ్ళు తిరుగుతున్నారు. ఎడిట్ రిజాల్వ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్‌లో చేస్తున్నాను. దారి చెప్పండి.

కత్తెర_కిట్టు
ముందు పిస్తా గ్రీన్ ఎంచుకున్నవాళ్ళ మీద కేసు పెట్టాలి. అవునూ, అన్ని గోరుచిక్కుళ్ళు చివరికి ఎవరు తిన్నారు?

విరిగిన_క్లాప్
యూనిట్ మొత్తం. రెండు ఆదివారాలూ అదే కూర. నవ్వకండి ప్లీజ్, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

మూడో_టేక్
అన్నీ జంప్ కట్లు చేసెయ్, షాట్లు కలవకుండా దూకనీ. 1960లో ఫ్రెంచ్ దర్శకుడు గొదార్ చేస్తే ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. నువ్వు చేస్తే తప్పొచ్చిందా?

బెంచ్_మార్కులు
@మూడో_టేక్ ఈ సలహా ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు ఇస్తారు, ఒకరు పాటిస్తారు. ఆయన జంప్ కట్లు సినిమా పొడుగునా ఉంటాయి, చూసేవాడికి మొదట్లోనే అలవాటైపోతాయి. మిగతా సినిమా అంతా సాఫీగా నడిచి ఒక్క వంటింట్లో మాత్రం దూకితే దాన్ని స్టైల్ అనుకునే జ్యూరీని నేను చూడలేదు. వైవాలో "ఇక్కడే ఎందుకు?" అని అడుగుతారు. "ఎండొచ్చింది సార్" అంటే మార్కులు పడవు.

మూడో_టేక్
మార్కుల కోసం సినిమా తీసేవాళ్ళకి వేరే వేదిక ఉంటే బాగుండు.

బెంచ్_మార్కులు
ఆ అమ్మాయి అడిగింది డిప్లొమా ఫిల్మ్ గురించే బాబూ.

మూవియోలా_తాత
కొట్లాట ఆపండి. అమ్మాయ్, నువ్వు తప్పులన్నీ ఒకే వరసలో రాసేశావు. ముందు వాటిని విడదియ్యి. చూసేవాడిని కథలోంచి బయటికి లాగేవి కొన్ని. కనిపించినా పట్టించుకోనివి కొన్ని. నీకూ నీ అసిస్టెంట్‌కీ తప్ప ఎవరికీ కనపడనివి కొన్ని.

చూసేవాడి కన్ను మాట్లాడే మనిషి కళ్ళ మీద ఉంటుంది, లేదా కదిలే చెయ్యి మీద. గోడ గడియారం మీద ఉండదు. ఉందంటే నీ సీనే పండలేదన్నమాట, అప్పుడు గడియారం సరిచేసినా లాభం లేదు. జడ కూడా అంతే, కట్ అయిన చోట తల కదులుతుంటే దొరకదు. పళ్ళెం కొంచెం ప్రమాదమే, ఎందుకంటే చేతులు అక్కడే ఆడుతున్నాయి. లుక్ (చూపు దిశ) తప్పడం మాత్రం అసలైన రోగం. ఎవరు ఎవరిని చూస్తున్నారో తెలియకపోతే అమ్మ బాధ అమ్మ దగ్గరే ఉండిపోతుంది, మనకి చేరదు.

వాల్టర్ మర్చ్ అని అమెరికన్ ఎడిటర్. కట్ చేసేటప్పుడు చూసుకోవాల్సిన ఆరింటికి శాతాలు వేసి చెప్పాడు. భావోద్వేగానికి 51, కథకి 23, లయకి 10, చూపు తెర మీద ఎక్కడుందన్న దానికి 7, తెర మీది ఎడమ కుడుల పొందికకి 5, గదిలో నిజంగా ఎవరెక్కడున్నారన్న దానికి 4. అన్నీ దక్కకపోతే కింద నుంచి వదులుకుంటూ రావాలంటాడు. నీ గోరుచిక్కుళ్ళు ఎక్కడ పడతాయో చూసుకో.

బెంచ్_మార్కులు
తాతగారూ, మీరు చెప్పిన లెక్కలోనే లైన్ తప్పడం 5 శాతం. అసలైన రోగం అని మీరే అంటున్నారు. రెండూ ఎలా కుదురుతాయి?

మూవియోలా_తాత
ఒంటరిగా చూస్తే 5. కానీ ఇక్కడ ఇద్దరే మనుషులు, ఒకరినొకరు చూసుకోవడమే సీను. లుక్ పోతే దాంతోపాటు కథలో సగం, భావోద్వేగంలో సగం కొట్టుకుపోతాయి. శాతాలు తూకం కోసం కాదమ్మా, దేన్ని ముందు వదలాలో తెలియడానికి. పదిమంది కూర్చున్న పెళ్ళి భోజనాల సీన్‌లో ఒక లుక్ తప్పితే నేనూ వదిలేస్తాను.

బెంచ్_మార్కులు
సరే, ఒప్పుకున్నా. కాకపోతే గడియారాన్ని జ్యూరీ చూస్తుంది. చూడటమే వాళ్ళ పని.

కత్తెర_కిట్టు
నేను వరంగల్‌లో పెళ్ళి వీడియోలు కట్ చేస్తా. లుక్ తప్పిన షాట్‌ని అడ్డంగా తిప్పేస్తా, ఫ్లిప్ కొడితే ఎడమ చూపు కుడి చూపైతది. రెండు సెకన్ల పని. ఇంత చర్చ ఎందుకు?

విరిగిన_క్లాప్
కొట్టి చూశాను అన్నా. అమ్మ చీర కట్టుకుంది. పైట కుడి భుజం మీదికి వచ్చేసింది.

కత్తెర_కిట్టు
అయ్యో. విజయవాడ అమ్మ గుజరాతీ బెన్ అయిపోయిందన్నమాట.

విరిగిన_క్లాప్
ముక్కుపుడక కూడా పక్క మారింది. వెనక క్యాలెండర్‌లో అంకెలు తిరగబడ్డాయి.

డీఐ_గదిలో
ఫ్లిప్ చేస్తే తెలియకుండా ఉండేది మగవాళ్ళ టీషర్టు క్లోజ్‌లలో. చొక్కా అయితే జేబూ గుండీలూ పట్టిస్తాయి. ముఖం కూడా ఇటూ అటూ ఒకేలా ఉండదు. అదే మనిషిని అప్పటికి రెండు నిమిషాలుగా చూస్తున్నవాడికి ఏదో తేడాగా అనిపిస్తుంది, ఏంటో చెప్పలేడు. పాపిట పక్కకి తీసి ఉంటే ఇక చెప్పనే అక్కర్లేదు.

గడ్డం నుంచి నుదురు దాకా మాత్రమే ఉండేలా బిగించగలిగితే పైట, క్యాలెండర్ రెండూ పోతాయి. ముక్కుపుడక పోదు. 4కేలో తీశారా?

విరిగిన_క్లాప్
4కే. సబ్మిషన్ 1080.

డీఐ_గదిలో
అయితే నీ చేతిలో బంగారం ఉంది. 3840 వెడల్పు ఫ్రేమ్ నుంచి 1920 వెడల్పు ముక్క కోస్తే సరిగ్గా రెండింతలు దగ్గరికి వెళ్ళొచ్చు, క్వాలిటీ దెబ్బ తినదు. ఫోకస్ కచ్చితంగా ఉంటేనే సుమా. కొంచెం మెత్తగా ఉన్న షాట్‌ని రెండింతలు చేస్తే ఆ మెత్తదనం కూడా రెండింతలు అవుతుంది. గడియారం, పళ్ళెం ఫ్రేమ్ అంచుల్లో ఉన్న షాట్లన్నీ ముందు ఇలా కోసి చూడు. సగం గొడవలు ఫ్రేమ్ బయటికి పోతాయి.

మూవియోలా_తాత
ఒక ప్రశ్న. మూడున్నర నిమిషాల సీన్‌లో ఇద్దరిలో ఎవరైనా చోటు మారతారా? లేచి నీళ్ళు తాగడం, స్టవ్ కట్టేయడం, ఏదైనా?

విరిగిన_క్లాప్
చివర్లో కూతురు అమ్మ ముందు నుంచి నడిచి అవతల ఉన్న ఫ్రిజ్ దగ్గరికి వెళ్తుంది. బాటిల్ తీసి తాగుతుంది. డైలాగ్ లేదు. మొదటి ఆదివారం వైడ్‌లో, గది అంతా కనిపించేలా తీశాం. దాంతోనే సీన్ అయిపోతుంది.

మూవియోలా_తాత
కుడి నుంచి ఎడమకేనా?

విరిగిన_క్లాప్
అవును. గుమ్మం ఫ్రేమ్‌కి కుడివైపు, ఫ్రిజ్ ఎడమ చివర. రెండింటి మధ్య అమ్మ.

మూవియోలా_తాత
ఇక నువ్వు నిద్రపోవచ్చు. ఆ నడకని సీన్ చివరి నుంచి తీసి మధ్యలోకి తే.

కూతురు గుమ్మం దగ్గరున్నంత సేపూ అమ్మ కుడివైపు చూడాలి. ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళాక అమ్మ ఎడమవైపు చూడాలి. నువ్వు తప్పుగా తీశామంటున్న క్లోజ్‌లన్నీ ఎడమవైపే కదా, కూర్చుని పైకి చూస్తున్నట్టే కదా? అవి నడక తర్వాత వాడు. చూసేవాడి కళ్ళ ముందే మనిషి చోటు మారింది కాబట్టి లైన్ కూడా దాంతోపాటు మారుతుంది. ఎవరూ ప్రశ్నించరు.

నడకకి ముందు అమ్మ క్లోజ్ ఒక్కటి కూడా పెట్టకు. వైడ్, కూతురి క్లోజ్, కూతురి భుజం మీదుగా సజెషన్ ఉంటే అది. నడక తర్వాత కూతురి క్లోజ్ ఒక్కటి కూడా పెట్టకు. అవి గుమ్మం దగ్గర తీసినవి, లుక్ చెడుతుంది. రెండో సగంలో కూతురి మాటలన్నీ అమ్మ ముఖం మీద వినిపించు. ఆ సీన్‌లో చూడాల్సింది చెప్పేవాళ్ళని కాదు, వినేవాళ్ళని.

విరిగిన_క్లాప్
ఇది మా డైరెక్టర్‌కి ఇప్పుడే చదివి వినిపించా. అతనూ లేచి కూర్చున్నాడు.

మూడో_టేక్
ఒప్పుకుంటా, ఇది బాగుంది. కానీ నడిచే వైడ్ సీన్ చివర తీసింది కదా. పళ్ళెం నిండిపోయి ఉంటుంది. మధ్యలోకి తెస్తే ఆ తర్వాత క్లోజ్‌లలో ఖాళీగా కనిపిస్తే?

డీఐ_గదిలో
@మూడో_టేక్ మంచి ప్రశ్న. వైడ్‌లో పైభాగం ఉంచి కింద కోస్తే పళ్ళెం ఫ్రేమ్ కిందికి వెళ్ళిపోతుంది. అమ్మ భుజాల దాకా, కూతురి నడుము పైభాగం నడుస్తూ కనిపిస్తే చాలు. క్లోజ్‌లలో పళ్ళెం ఎలాగూ రాదు.

కత్తెర_కిట్టు
పళ్ళెం ఇన్సర్ట్ (మధ్యలో దూర్చే చిన్న షాట్) ఒకటి తీసి పెట్టుకో చెల్లీ. పావుకిలో కాయలు ఎంతైతయి?

విరిగిన_క్లాప్
కాయలు దొరుకుతాయి అన్నా, ఆవిడ గాజులు ఆవిడ చేతికే ఉన్నాయి. మా దగ్గర లేవు.

కత్తెర_కిట్టు
చెయ్యెందుకు? స్టీలు పళ్ళెం, పై నుంచి రెండు ముక్కలు వచ్చి పడాలె. అంతే. ఆవిడ వేసిందనే అనుకుంటరు.

పైలట్‌ట్రాక్
ఇన్ని పోస్టుల్లో సౌండ్ మాట ఒక్కరూ ఎత్తలేదు. చూపు కలిసినా చెవి కలవకపోతే కట్ వినపడుతుంది. మొదటి ఆదివారం షాట్లలో ఫ్యాన్ హోరు, రెండో ఆదివారం షాట్లలో నిశ్శబ్దం. ప్రతి కట్ దగ్గరా హోరు, ఠక్కున ఆగడం, మళ్ళీ హోరు. బొమ్మలో ఎంత సాఫీగా కోసినా దీంతో దొరికిపోతావు. రూమ్ టోన్, అంటే ఎవరూ మాట్లాడనప్పటి గది చప్పుడు, తీశారా?

విరిగిన_క్లాప్
లేదండి.

పైలట్‌ట్రాక్
ఎవరూ తీయరు. పేకప్ చెప్పాక ముప్ఫై సెకన్లు నోరు మూసుకుని నిలబడమంటే యూనిట్‌కి అది శిక్ష.

ఇప్పుడైనా దొరుకుతుంది. "యాక్షన్" అన్న మాటకీ మొదటి డైలాగ్‌కీ మధ్య ఖాళీ ఉంటుంది. మొదటి ఆదివారం టేకులన్నిట్లో ఆ ఖాళీలు ఏరి వరసగా పేర్చు. అతుకు దగ్గర చిన్న క్రాస్‌ఫేడ్ ఇవ్వు, ఒకటి తగ్గుతూ ఇంకోటి పెరిగేలా. ఒకే ముక్కని పదేపదే వాడితే లూప్ అవుతున్నట్టు వినపడుతుంది, అందుకే వేర్వేరు టేకుల నుంచి తీసుకో. ఆ ట్రాక్‌ని సీన్ మొత్తం కింద ఏ కట్ లేకుండా పరిచెయ్.

ఫ్యాన్ ఉన్న షాట్లలో ఫ్యాన్ తీసేయాలని మాత్రం ప్రయత్నించకు. నాయిస్ రిడక్షన్ గట్టిగా కొడితే గొంతు నీళ్ళ కింద నుంచి మాట్లాడినట్టు అవుతుంది. శుభ్రంగా ఉన్నదానికి మురికి కలపడం తేలిక, మురికిగా ఉన్నదాన్ని కడగడం కష్టం.

సైలెంట్_రీడర్
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. నాదీ సౌండ్ గోలే. మొబైల్‌లో తీశాను, సౌండ్ విడిగా రికార్డర్‌లో. క్లిప్ మొదట్లో పెదాలు కలుస్తున్నాయి, చివరికొచ్చేసరికి మాట వెనకబడుతోంది. ఎందుకు?

పైలట్‌ట్రాక్
@సైలెంట్_రీడర్ చాలా ఫోన్లు వేరియబుల్ ఫ్రేమ్ రేట్‌లో తీస్తాయి. వెలుతురు తగ్గితే ఫ్రేములు తగ్గిస్తాయి, టైమ్‌లైన్ ఆ లెక్క సరిగ్గా పట్టుకోలేదు. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ పెట్టి అన్నీ మార్చుకుని, అప్పుడు ఎడిట్‌లోకి తెచ్చుకో. ఎడిట్ సగం అయ్యాక కాదు, ముందే.

అలా మార్చినా చిన్నగా జరుగుతుంటే సెకనుకి 24 ఫ్రేములకీ 23.976కీ మధ్య తేడా అయి ఉంటుంది. వెయ్యికి ఒకటి. గంటకి 3.6 సెకన్లు. చిన్న క్లిప్‌లో తెలియదు, ఇంటర్వ్యూ లాంటి పొడవాటి వాటిలో తెలుస్తుంది.

డాలస్_డబ్బింగ్
ఫ్రేమ్ రేట్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. అమెరికా నుంచి కెమెరా పట్టుకుని ఇండియా వచ్చి తీసేవాళ్ళు షట్టర్ వేగం చూసుకోండి. ఇక్కడ కరెంటు 60 హెర్ట్జ్, అక్కడ 50. ఇక్కడి అలవాటుతో 1/60 షట్టర్ మీద మా తాతగారింట్లో ట్యూబ్‌లైట్ కింద తీస్తే గోడ మీద నల్లటి చారలు పైకి పాకుతూ వచ్చాయి. ఇండియాలో 1/50 పెట్టుకోవాలి. ఒక షాట్‌లో చారలుండి పక్క షాట్‌లో లేకపోతే అదీ కంటిన్యుటీ గొడవే.

విరిగిన_క్లాప్
రఫ్‌గా వేసి చూశాను. తాతగారు చెప్పినట్టు నడక మధ్యలోకి తెచ్చా. లుక్ గొడవ పోయింది, నిజంగా పోయింది. మా ఇంట్లోవాళ్ళకి చూపిస్తే ఒక్కరూ అడగలేదు.

కానీ ఇంకోటి బయటపడింది. నడక ముందంతా మబ్బు, నడక తర్వాతంతా అమ్మ క్లోజ్‌లు కాబట్టి అంతా ఎండ. ఇదివరకు కలగాపులగంగా ఉండేది, ఇప్పుడు గీత గీసినట్టు రెండు ముక్కలైంది. కలర్‌లో ఎండని మబ్బు చేయొచ్చా?

డీఐ_గదిలో
గోడ మీద ఎండ పడిన చోట తెల్లగా పేలిపోయి ఉంటే అక్కడ సమాచారమే లేదు, కిందికి లాగితే బూడిద రంగు మచ్చ వస్తుంది. పేలకపోతే సాఫ్ట్‌వేర్‌లో ఆ చోటు చుట్టూ విండో గీసి, షాట్‌తో పాటు కదిలేలా ట్రాక్ చేసి, దించొచ్చు. కానీ ముఖం మీద పడిన నీడల అంచు పదునుగా ఉంటుంది కదా, దాన్ని మెత్తగా చేయలేం. మబ్బు వెలుతురు మెత్తన, ఎండ పదును. రంగు కలుస్తుంది, పదును కలవదు.

అయినా ఎందుకు కలపడం? గీత గీసినట్టు రెండు ముక్కలైతే అది అదృష్టం. ఆ గీత దగ్గర కిటికీ తెరిపించు. కూతురు ఫ్రిజ్ వైపు వెళ్తూ కిటికీ రెక్క తోసింది, వెలుతురు లోపలికి వచ్చింది. ఒక్క ఇన్సర్ట్. కిటికీ రెక్క మీద చెయ్యి, వెనక నుంచి వెలుగు. గోడ చీకట్లో ఉంటుంది కాబట్టి పిస్తా గ్రీన్ గొడవ కూడా లేదు, ఏ ఇంటి చెక్క కిటికీ అయినా పనికొస్తుంది. కూతురుగా చేసినమ్మాయి, ఆ డ్రెస్సు దొరుకుతారా?

విరిగిన_క్లాప్
మా క్లాస్‌మేటే. డ్రెస్సు తనదే.

కత్తెర_కిట్టు
ఆగు ఆగు. మొదటి సగంలో ఫ్యాన్ తిరుగుతోంది, రెండో సగంలో ఆగింది. మొదటి సగం మబ్బు, రెండో సగం ఎండ. విజయవాడ, ఎండాకాలం. కరెంటు పోయింది! అందుకే ఆ పిల్ల కిటికీ తెరిచింది!

పైలట్‌ట్రాక్
@కత్తెర_కిట్టు నీ చేతులకి దండం.

రూమ్ టోన్ గురించి నేను చెప్పింది సగం మార్చుకో అమ్మాయ్. ఫ్యాన్ హోరు నడక దాకానే పరుచు. అక్కడ ఫ్యాన్ నెమ్మదించే సౌండ్ వెయ్యి. ఇంట్లో ఏ సీలింగ్ ఫ్యానైనా స్విచ్ ఆపి దగ్గర నుంచి రికార్డ్ చెయ్. ముందు హోరు పల్చబడుతుంది, తర్వాత రెక్కలు ఒక్కొక్కటీ గాలిని కోస్తున్నట్టు విడివిడిగా వినిపిస్తాయి, చివర్లో బేరింగ్ కిర్రుమంటుంది. ఆ పొడవంతా వాడు. దాని కింద అమ్మ ముఖం పెట్టు. రెండో సగం నిశ్శబ్దంలో కాయ తుంచిన చప్పుడు తప్ప ఇంకేం వద్దు. రెండో ఆదివారం సౌండ్ కోసం ఫ్యాన్ ఆపినవాడికి టీ ఇప్పించు.

బెంచ్_మార్కులు
నాకు ఇది నచ్చలేదు. తప్పుల్ని కప్పుకోవడానికి కథలో లేని కరెంటు కోత తెస్తున్నారు. కూతురు వెళ్తానని చెప్పిన క్షణంలోనే ఫ్యాన్ ఆగిపోతే అది ప్రతీక అయిపోతుంది. చూసేవాళ్ళు దర్శకుడు అర్థాన్ని బలవంతంగా రుద్దుతున్నాడనుకుంటారు.

మూడో_టేక్
మొదటిసారి మీతో ఏకీభవిస్తున్నా సార్. "వెళ్తాను" అన్న మాట మీదే ఫ్యాన్ ఆగితే సీరియల్ అవుతుంది.

బెంచ్_మార్కులు
సార్ కాదు, మేడమ్.

మూడో_టేక్
సారీ మేడమ్.

మూవియోలా_తాత
ఆ మాట మీద ఆపొద్దు. అంతకు ముందు ఎక్కడో, పనికిరాని మాట మీద ఆగనీ. "పప్పులో ఉప్పేశావా" లాంటి మాట ఉంటే అక్కడ. ఇద్దరిలో ఒక్కరూ ఫ్యాన్ వైపు తలెత్తి చూడకూడదు. బెజవాడలో పుట్టినవాళ్ళు కరెంటు పోతే పైకి చూస్తారా? అప్పుడు ప్రతీక అనరు, వేసవి అంటారు.

బెంచ్_మార్కులు
అలా అయితే సరే. కిటికీ ఇన్సర్ట్ కూడా పొడుగ్గా ఉంచకండి. ఒకటిన్నర సెకను చాలు. ఎంత ఎక్కువసేపు చూపిస్తే అంత పెద్ద అర్థం వెతుకుతారు.

డీఐ_గదిలో
ఇన్సర్ట్ తీసేటప్పుడు వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలొద్దు. మాస్టర్‌కి ఏ నంబర్ పెట్టారో అదే పెట్టండి, గుర్తు లేకపోతే 5600. అదే లెన్స్, అదే ఫ్రేమ్ రేట్, 1/50. కలర్ చేసేటప్పుడు ముందు ప్రతి సగంలోనూ ఒక్క షాట్‌ని ఖరారు చేసుకో, మిగతావి దానికి కలుపు. ప్రతి షాట్‌నీ దాని పక్క షాట్‌తో కలుపుకుంటూ పోతే చివరికి మొదటిదానికీ ఆఖరిదానికీ పోలికే ఉండదు. కంటిని నమ్మకు, అరగంటకి అది ఏ రంగుకైనా అలవాటు పడిపోతుంది. స్కోపుల్లో (రంగుని కొలిచి చూపే గ్రాఫుల్లో) చర్మం రంగు చూసుకో.

విరిగిన_క్లాప్
తాతగారూ, నడకకి ముందు అమ్మ మాట్లాడేవి రెండు డైలాగులున్నాయి. వాటికి కూతురి భుజం మీదుగా తీసిన సజెషన్ ఉంది. టేక్ రెండులో జడ ముందుంది, టేక్ నాలుగులో వెనక ఉంది. అమ్మ రెండులో ఒక డైలాగ్ బాగా చెప్పింది, నాలుగులో ఇంకోటి.

మూవియోలా_తాత
బాగా చెప్పినవే వాడు. జడ కోసం నటనని వదులుకునే ఎడిటర్‌ని నేను ఉద్యోగంలో పెట్టుకోను. రెండింటి మధ్యలో కూతురి క్లోజ్ ఒకటి పడితే చాలు. తిరిగొచ్చేసరికి జడ ఎటుందో ఎవడికీ గుర్తుండదు.

కదలిక మీద కోసేటప్పుడు ఒక చిట్కా. అమ్మ కాయ తుంచడం మొదలుపెట్టి చెయ్యి సగం దూరం వచ్చాక కోసి, రెండో షాట్‌లో అదే చెయ్యిని రెండు మూడు ఫ్రేములు వెనక నుంచి మొదలుపెట్టు. లెక్క ప్రకారం కదలిక కొంచెం రెండుసార్లు జరిగినట్టు. కానీ కొత్త బొమ్మని పట్టుకోవడానికి కంటికి ఆ మాత్రం సమయం కావాలి. కచ్చితంగా కలిపితే ఎగిరినట్టుంటుంది.

మా రోజుల్లో ఇన్ని టేకులు ఎక్కడివి? కెమెరా 35 ఎంఎం ఫిల్మ్‌ని నిమిషానికి 90 అడుగులు తాగేది. 400 అడుగుల మ్యాగజైన్ నాలుగున్నర నిమిషాలు కూడా రాదు. అందుకని మద్రాసు కోడంబాక్కం స్టూడియోల్లో అసిస్టెంట్ డైరెక్టర్ కంటిన్యుటీ పుస్తకం ప్రాణంలా చూసుకునేవాడు. ఏ చేతిలో గ్లాసు, ఎన్నో గుండీ విప్పి ఉంది, ఏ మాట మీద లేచాడు, అన్నీ అందులోనే. ఆ పుస్తకం పోతే యూనిట్‌లో మొహం చూపించలేడు. ఇప్పుడు ప్రతివాడి జేబులో కెమెరా ఉంది, టేక్ అవ్వగానే ఒక ఫొటో కొట్టడానికి ఎవరికీ ఓపిక లేదు.

కత్తెర_కిట్టు
గోడ గడియారంలో సెల్ తీసేస్తే ఆ గొడవే ఉండదు కదా తాతా. షూటింగ్ ఇంట్లోకి పోంగనే నేను చేసే మొదటి పని అదే. ఇంటోళ్ళు తిట్టుకుంటరు, అది వేరే సంగతి.

బెంచ్_మార్కులు
గడియారం సంగతి తేలలేదింకా. వైడ్‌లో ఉందా?

డీఐ_గదిలో
ట్రైపాడ్ మీద కదలకుండా తీసిన వైడ్ అయితే ఐదు నిమిషాల పని. పదీ ఇరవై ఉన్న షాట్ నుంచి గడియారం ఒక్కటే స్టిల్‌గా కోసి, మిగతా వైడ్‌ల మీద అతికించు. అంచులు కొంచెం మెత్తగా చెయ్యి, వెలుతురు తేడా ఉంటే సరిచెయ్యి. కూతురి తల దాని ముందు నుంచి వెళ్తే మాత్రం మాస్క్‌ని (అతికించిన ముక్క హద్దుని) ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ జరపాలి. అది వద్దనుకుంటే ఆ షాట్ కోసి దగ్గరికి తెచ్చుకో.

విరిగిన_క్లాప్
కిటికీ తీశాం, మా అమ్మమ్మ వాళ్ళ పాత ఇంట్లో. ఫ్యాన్ కూడా అక్కడే రికార్డ్ చేశాం. ఆ ఫ్యాన్ ఆగేటప్పుడు నిజంగానే కిర్రుమంది. సీన్ ఇప్పుడు మూడు నిమిషాల ఐదు సెకన్లకి వచ్చింది, రెండు డైలాగులు పోయాయి. బాటిల్ తాగే షాట్ మధ్యలోకి వెళ్ళిపోయింది కాబట్టి చివర అమ్మ క్లోజ్ మీద ముగించాను. డైరెక్టర్‌కి చివర వైడ్ కావాలట. అది మబ్బులో ఉంది కదా అంటే వినడం లేదు.

మూవియోలా_తాత
వైడ్ వేసి ఒకసారి, తీసేసి ఒకసారి, సినిమా గురించి ఏమీ తెలియనివాళ్ళ పక్కన అతన్ని కూర్చోబెట్టి చూపించు. నువ్వు వాదించకు.

విరిగిన_క్లాప్
చూపించాను. వాచ్‌మన్ గారూ, మెస్ అక్కా చూశారు. వైడ్ వచ్చినప్పుడు అక్క "అయిపోయిందా?" అని లేచింది. క్లోజ్ మీద ఆపినప్పుడు కూర్చునే ఉంది. డైరెక్టర్ ఇంకేం మాట్లాడలేదు. పిక్చర్ లాక్, ఇక బొమ్మలో మార్పుల్లేవు.

కత్తెర_కిట్టు
మెస్ అక్కకి ఎడిటింగ్ క్రెడిట్ ఇయ్యాలె.

పైలట్‌ట్రాక్
సౌండ్ మిక్స్ నేను చేసిపెడతా, పంపు. ప్రతి క్లిప్‌కీ రెండు పక్కలా ఒక్కో సెకను అదనంగా ఉండాలి, లేకపోతే క్రాస్‌ఫేడ్‌కి చోటుండదు. సంగీతం, డైలాగ్, ఎఫెక్ట్స్ వేర్వేరు ట్రాకుల్లో. 48 కిలోహెర్ట్జ్. సినిమా మొదటి ఫ్రేమ్‌కి సరిగ్గా రెండు సెకన్ల ముందు ఒక్క ఫ్రేమ్ బీప్ పెట్టావా? అది లేకపోతే నా మిక్స్ నీ బొమ్మతో కలిసిందో లేదో తెలియదు.

విరిగిన_క్లాప్
బీప్ ఇప్పుడు పెడుతున్నా. సినిమా సెకనుకి 25 ఫ్రేములు. రాత్రికి లింక్ పంపిస్తాను అన్నా.

పైలట్‌ట్రాక్
ఫ్యాన్ ఒరిజినల్ రికార్డింగ్ విడిగా పంపు, నువ్వు కోసింది కాదు.